క్రొత్తగా కంప్యూటరు కొనదలచిన రైతులకు కొన్ని సూచనలు

కాడియెద్దులను కొనబోవు రైతు సంతలో కనబడిన మొదటి జతకు సొమ్ము చెల్లించి తోలుకొని రాడు. పండ్లు చూచి వయస్సు తెలిసికొనును, గిట్టలు చూచును, మెడమీద చేయి వేసి చూచును, నాలుగడుగులు నడిపించును, తెలిసినవాని నొకని వెంట తీసికొనిపోవును. అదే రైతు పట్నములో కంప్యూటరు కొనునప్పుడు మాత్రము అంగడివాని మాట నమ్మి, పెట్టె మెఱుపు చూచి సొమ్ము చెల్లించి వచ్చుచున్నాడు. ఎద్దు సంగతి తనకు తెలియును, ఈ యంత్రము సంగతి తెలియదు అను సంకోచమే యిందుకు కారణము. చూడవలసిన గుఱుతులు కొలదిగానే యున్నవి. అక్షరములు, అంకెలు చదువగలవా రెవరైనను వానిని చూడవచ్చును. వానిని తెలుపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. నాటినుండి సంఘముల చిట్టాలు, ఆవర్జాలు కాగితము విడిచి యంత్రమున కెక్కుచుండుట సభ్యులు చూచుచున్నారు. చూచినవారిలో పలువురు తమ యింటను ఒకటి యుండిన పిల్లల చదువునకును లెక్కలకును పనికివచ్చునని తలచి మమ్ము ప్రశ్నించుచున్నారు.

ఖర్చు ఎంతటిదో మొదట తెలిసికొనుట మంచిది. సరుకు వెల 30,000 రూపాయలనుకొందము. దానిపై 18 శాతము జి.యస్.టి. 5,400 రూపాయలు; మొత్తము 35,400 రూపాయలు. 2025–26 ఖరీఫునకు సాధారణ రకపు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అనగా ఈ యంత్రము వెల 15 క్వింటాళ్ల వడ్లు. 75 కిలోల బస్తాలు 20. ఇరువది బస్తాలు బండి కెత్తి పంపునప్పుడు ఎంత జాగ్రత్త పడుదుమో, ఇక్కడను అంత జాగ్రత్త వలయును.

1. మొదట పని, పిమ్మట యంత్రము

ఏ పని కొఱకు కొనుచున్నామో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. భూమి రికార్డు చూచుట, బజారు ధర తెలిసికొనుట, వానకబురు చూచుట, సొమ్ము పంపుట మాత్రమే పనులైన యెడల కంప్యూటరు అక్కరలేదు. చేతిలోని ఫోను చాలును. ఆంధ్రప్రదేశమున మీభూమి, తెలంగాణమున భూభారతి, 2016 ఏప్రిల్ 14వ తేదీన ఆరంభమైన ఇ-నామ్ మొదలగునవి ఫోనులోనే కనబడును.

పిల్లలు గంటల తరబడి పాఠములు చదువుట, అర్జీలు తెలుగున టైపు చేయుట, పాల లెక్కలు, ఎరువుల దుకాణపు లెక్కలు, కూలీల పట్టీలు వరుసలు గీచి వ్రాయుట, ఈ పనులకు పెద్ద తెరయు కీబోర్డును వలయును. అట్టివారు బల్లమీద నుంచు కంప్యూటరును కొనవచ్చును. సమానమైన శక్తిగల లాప్‌టాప్ కంటె ఇది సాధారణముగా చౌక. ఒక భాగము చెడిన దానిని మాత్రమే మార్చుకొనవచ్చును. కాని దీనిలో బ్యాటరీ యుండదు. దినమునకు పలుమార్లు కరెంటు పోవు గ్రామములవారును, పిల్లలను పట్నపు హాస్టలునకు పంపువారును లాప్‌టాప్ కొనుటయే మేలు. తెరయు యంత్రమును ఒకటిగా కలిపి చేసినవి చూచుటకు అందముగా నుండును గాని, మరమ్మతు కష్టము. కావున మొదటిసారి కొనువారికి వానిని మేము సూచింపము.

2. పెట్టెలో నేమున్నది

ముఖ్యమైన భాగములు మూడు. ప్రాసెసరు లెక్క చేయు భాగము. ఇది నూర్పిడి యంత్రమునకు ఇంజను వంటిది. ర్యాము కళ్లము వంటిది. చేయుచున్న పని యంతయు దానిపై పఱచి యుండును. కళ్లము ఇఱుకైనచో ఇంజను ఎంత బలమైనదైనను పని సాగదు. ఎస్.ఎస్.డి. గాదె వంటిది, పని ముగిసిన పిమ్మట భద్రపఱచునది ఇందులోనే. కళ్లముపై నున్న ధాన్యము వానకు తడిసినట్లు, భద్రపఱుపని పని కరెంటు పోయిన క్షణమున పోవును. గాదెలో వేసినది నిలుచును. పిల్లలకు ఈ భేదము మొదటి దినముననే చెప్పవలెను.

ర్యాము 8 జి.బి.కి తక్కువ ఉండరాదు. విండోస్ 11నకు 4 జి.బి. చాలునని దాని తయారీదారులు వ్రాసినను, అది నడుచుటకు మాత్రమే చాలును. దానిపై మనము పని చేయుటకు చాలదు. 2025 చివరి నెలలలో ర్యాము ధరలు మిక్కిలి పెరిగినవి. కావున నేడు 8 జి.బి. ఒకే పలకగా వేయించి, రెండవ గాడి ఖాళీగా నుంచుమని కోరవలెను. ధర తగ్గినప్పుడు మఱియొక పలక చేర్చుకొనవచ్చును.

నిలువ భాగము ఎస్.ఎస్.డి. కావలెను, పాతరకపు హార్డు డిస్కు ఒక్కటే యున్న యంత్రము కొనరాదు. హార్డు డిస్కు క్షణమునకు నూఱు మొదలు రెండు వందల మెగాబైట్లు చదువును, సాధారణ ఎస్.ఎస్.డి. ఐదు వందల వఱకు చదువును. అక్కడక్కడ చెదరియున్న చిన్న చిన్న ఫైళ్లను వెదకుటలో భేదము ఇంకను ఎక్కువ. పరిమాణము 256 జి.బి. చాలును. యంత్రపు స్వంత అవసరములు పోను 200 జి.బి. మిగిలిన యెడల, ఒక్కొక్కటి 4 మెగాబైట్ల ఫొటోలు 50,000 పట్టును. 1 టి.బి. అని చెప్పి హార్డు డిస్కు అంటగట్టువారున్నారు. గాదె పెద్దదని మురియక, తలుపు ఎంత వేగముగా తెఱచుకొనునో చూడవలెను.

మానిటరు 1920×1080 చుక్కలు గలదై యుండవలెను. చుక్కలు తక్కువైన తెరపై తెలుగు వత్తులు, గుణింతములు అలుకుకొనిపోయి కన్నులు నొచ్చును. మానిటరు వెనుకనున్న కన్నమును యంత్రపు కన్నమును ఒకే రకమువో కావో, వైరు అంగడిలోనే తగిలించి చూడవలెను.

3. పాత సరుకు, క్రొత్త పెట్టె

ఎక్కువమంది మోసపోవునది ఇక్కడనే. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లకు ఐ3, ఐ5, ఐ7 అని పేర్లున్నవి. ఐ5 అనిన ఐ3 కంటె మేలని అందఱును విని యున్నారు. ఆ మాట ఒకే తరమునకు చెందినవానికి మాత్రమే చెల్లును. తరమును తెలుపునది పేరు తరువాత వచ్చు సంఖ్య. బల్లమీది కంప్యూటర్లలో ఆ సంఖ్య నాలుగంకెలదైన మొదటి యంకెయు, ఐదంకెలదైన మొదటి రెండంకెలును తరము. ఐ5-3470 అనునది మూడవ తరము; 2012 నాటిది. ఐ3-12100 అనునది పండ్రెండవ తరము, 2022 నాటిది. పేరులో చిన్నదైనను ఈ రెండవదే మొదటిదానికంటె ఎంతో వేగముగలది. ముసలి ఒంగోలు గిత్త పేరు పెద్దదే గాని, దుక్కికి పడుచు నాటు ఎద్దే మేలు గదా!

మేమెఱిగిన యొక రైతు కుమార్తె చదువునకై పట్నములో ఒక అంగడిలో ‘క్రొత్త ఐ5’ అని చెప్పగా కొని తెచ్చెను. పెట్టె క్రొత్తది, కీబోర్డు క్రొత్తది, తెర క్రొత్తది. లోపలి ప్రాసెసరు మాత్రము పైన చెప్పిన 3470. దానిపై విండోస్ 10 వేసి యిచ్చిరి. ఆ విండోస్ 10నకు 2025 అక్టోబరు 14వ తేదీతో తయారీదారుల సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 ఆ ప్రాసెసరుపై అంగీకృతము కాదు. ఇంటెల్ నందు ఎనిమిదవ తరము మొదలుగానే అంగీకరింతురు. అతడు తిరిగి అంగడికి పోయి అడుగగా, బిల్లు చూపుమనిరి. అతనియొద్ద నున్నది ‘కంప్యూటరు సెట్టు 1’ అని వ్రాసిన తెల్లకాగితపు ముక్క. ఏ ప్రాసెసరు, ఏ సంవత్సరపుది అనునది అందులో లేదు. పంట అమ్మిన సొమ్ము పోయినది. అడుగుటకు ఆధారము లేదు.

కావున క్రొత్తది కొనువారు ఇంటెల్ నందు పండ్రెండవ తరముగాని అంతకు పిమ్మటిదిగాని అడుగవలెను. రైజెన్ అను రకమైనచో సంఖ్య ఐదువేలకు తక్కువ కారాదు. ఇటీవలి కొన్ని ఇంటెల్ రకములలో ‘ఐ’ అను నక్షరము తీసివేసి మూడంకెల సంఖ్య వేయుచున్నారు; వానిని క్రొత్తవిగా ఎంచవచ్చును. వ్రాతకోతలకు, లెక్కలకు, పాఠములకు మాత్రమే వలయువారికి 2023లో వచ్చిన ఎన్100 అను చిన్న ప్రాసెసరుగల బుల్లి కంప్యూటరు చాలును. అది కరెంటు మిక్కిలి తక్కువగా వాడుకొనును.

వాడిన యంత్రమును బాగుచేసి అమ్ముట తప్పు కాదు. వాడినదని చెప్పి, తగిన తక్కువ వెలకు, ఎనిమిదవ తరము లేక పై తరపు యంత్రమును, వ్రాతపూర్వకమైన వారంటీతో ఇచ్చినచో సొమ్ము చాలనివారు కొనవచ్చును. వాడినదానిని క్రొత్తదని చెప్పుటయే మోసము.

4. విండోసు, లినక్సు, తెలుగు లిపి

విండోసు వెలగల సరుకు. ‘ఉచితముగా వేసి యిచ్చెదము’ అనువారు చాలవఱకు దొంగప్రతి వేయుదురు. దానితో వైరసులు వచ్చుట, పని మధ్య ఆగుట కలదు. అసలైనది వలసిన యెడల దాని వెల బిల్లులో చూపవలెను. ఆ వెల భరింపలేనివారు లినక్సు వాడవచ్చును. అది న్యాయముగానే ఉచితము. ఉబుంటు, మింట్ అనునవియు, మన దేశమున సీ-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ అనునదియు లినక్సు రకములే. లిబ్రె ఆఫీసు అను ఉచిత సాధనముతో ఉత్తరములు, లెక్కల పట్టీలు వ్రాసికొనవచ్చును. అయితే కళాశాలవారో, లెక్కల సాఫ్టువేరు అమ్మినవారో విండోసు కావలెనని నియమించిరేమో ముందుగా విచారింపవలెను.

తెలుగు టైపునకు వేఱుగా సొమ్ము చెల్లింప నక్కరలేదు. 1991 నుండి యూనికోడ్ అను ప్రపంచ లిపి పద్ధతిలో తెలుగునకు స్థానము కలదు. ఆ పద్ధతిలో వ్రాసిన అర్జీ ఏ కంప్యూటరులోను, ఏ ఫోనులోను అట్లే కనబడును. పాత ఫాంటులలో వ్రాసినది వేఱొక యంత్రములో పిచ్చి గీతలుగా కనబడును. విండోసులోను లినక్సులోను ఇన్‌స్క్రిప్ట్ అను తెలుగు కీబోర్డు ముందే యున్నది. వైరసుల కాపలాకై డిఫెండరు అనునది కూడ విండోసుతోనే వచ్చును. ఈ రెంటి పేర సొమ్ము అడిగినచో ఇయ్యవలసిన పని లేదు.

5. కరెంటు, తావు

సాధారణ పనులు చేయునప్పుడు యంత్రము, తెర కలిసి సుమారు 70 వాట్లు వాడుకొనుననుకొనుడు. దినమునకు 5 గంటల చొప్పున 25 దినములకు 8 ముప్పాతిక యూనిట్లు. ఖర్చు పెద్దది కాదు. కాని కరెంటు తటాలున పోవుటయు, వోల్టేజి హెచ్చుతగ్గులును పెద్ద కీడు. 600 వి.ఎ. యు.పి.యస్. ఒకటి తప్పక ఉండవలెను. అది పది పదిహేను నిమిషములు నిలుపును. పని భద్రపఱచి యంత్రము ఆపుటకు ఆ వ్యవధి చాలును. దాని బ్యాటరీని రెండు మూడేండ్లకు మార్చవలసి యుండును. లేజరు ప్రింటరును యు.పి.యస్. బ్యాటరీకి తగిలింపరాదు, ఆ బరువు అది మోయలేదు. మూడు పిన్నుల ప్లగ్గు, సరియైన ఎర్తు ఉండవలెను.

ఎరువుల బస్తాలు, పురుగుమందులు నిలువచేయు గదిలో కంప్యూటరు నుంచరాదు. ఆ తేమ, ఆవిరి, ధూళి లోపలి రాగితీగెలను తినివేయును. నేలపై పెట్టిన చీమలు, ఎలుకలు చేరును. బల్లపై, గోడకు జానెడు ఎడముగా, గాలి ఆడునట్లు పెట్టవలెను.

ప్రింటరు విషయములో తొందర వలదు. ఇంకు ప్రింటరు వాడక యుంచిన ఇంకు ఎండి చెడును. నెలకు పది కాగితములు అచ్చువేయువారు మీ సేవ కేంద్రమున వేయించుకొనుట చౌక.

6. అంగడిలో చేయవలసిన పరీక్ష

సొమ్ము చెల్లింపకముందే యంత్రమును నడిపింపవలెను. మీట నొక్కినది మొదలు పనికి సిద్ధమగువఱకు అంకెలు లెక్కపెట్టుడు. ఎస్.ఎస్.డి. గల క్రొత్త యంత్రము అర నిమిషములోపల సిద్ధము కావలెను. పిమ్మట ‘సెట్టింగ్స్’లో ‘సిస్టమ్’, అందులో ‘అబౌట్’ తెఱచిన ప్రాసెసరు పేరు, సంఖ్య, ర్యాము పరిమాణము కనబడును. ‘యాక్టివేషన్’ అనుచోట ‘యాక్టివ్’ అని యుండిన విండోసు పనిలో నున్నట్లు. బిల్లులో దాని వెలయు ఉన్నదో లేదో సరిచూచుకొనుడు. ‘టాస్క్ మేనేజర్’లో డిస్కు ఎస్.ఎస్.డి. అవునో కాదో తెలియును. ఒక వాక్యము తెలుగున టైపు చేయించి చూడుడు. గ్రామములో డిగ్రీ చదువు పిల్లల నొకరిని వెంట తీసికొనిపోయిన ఇదంతయు పావుగంట పని. ఇంతకు ఒప్పుకొనని అంగడిని విడిచి మఱియొక అంగడికి పోవుడు.

కంప్యూటరు, యు.పి.యస్. మొదలగువానిపై భారతీయ ప్రమాణముల సంస్థ గుఱుతును, ‘ఆర్’ అను అక్షరముతో మొదలగు రిజిస్ట్రేషను సంఖ్యయు ఉన్నదేమో కూడ చూడవలెను.

7. బిల్లు

బిల్లులో ప్రతి భాగము పేరు, నమూనా సంఖ్య, సీరియల్ సంఖ్య, వారంటీ కాలము వేఱువేఱుగా వ్రాయింపవలెను. అమ్మినవాని జి.యస్.టి. సంఖ్య పదునైదు స్థానములు గలది. ఆంధ్రప్రదేశపు దైన 37తోను, తెలంగాణపు దైన 36తోను మొదలగును. పన్ను తప్పించుటకు బిల్లు లేకుండ ఇచ్చెదమనువాడు 5,400 రూపాయలు ఆదా చూపి 30,000 రూపాయలకు ఆధారము లేకుండ చేయుచున్నాడని తెలియవలెను.

బిల్లు ఉన్నవానికి చట్టము తోడు. 2020 జూలై 20వ తేదీన అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము రెండేండ్లలోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షల రూపాయలలోపు కొనుగోలునకు ఫీజు లేదు. ముందుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి విషయము చెప్పుకొనవచ్చును.

8. సొమ్ము సమకూర్చుట

పంట ఋణపు సొమ్మును దీనికి మళ్లింపరాదు. మూడు లక్షల రూపాయల వఱకు 7 శాతము వడ్డీగల పంట ఋణమును గడువులోపల తీర్చినవారికి 3 శాతము రాయితీ కలదు. యంత్రము కొని గడువు తప్పినచో ఆ రాయితీయు పోవును. అంగడివారు ‘వడ్డీలేని వాయిదాలు’ అనునప్పుడు, రొక్కమునకు వెల ఎంత, వాయిదాలకు మొత్తము ఎంత, ప్రాసెసింగు ఫీజు ఎంత అని మూడు ప్రశ్నలు అడిగి కాగితముపై వ్రాయించుకొనుడు. రెండు మొత్తముల భేదమే వడ్డీ.

మఱియొక మార్గము సంఘజీవులమైన మనకు సహజమైనది. ఒకే గ్రామమున ఐదాఱుగురు కొనదలచిన యెడల ఒకే రకపు జాబితా వ్రాసి, మూడు అంగళ్లకు పంపి, వ్రాతమూలకముగా ధరలు తెప్పించవలెను. ఎరువులు కలిసి కొనునప్పుడు వచ్చు లాభమే ఇక్కడను వచ్చును. అన్ని యంత్రములును ఒకే రకమువైన మరమ్మతుకు ఒకే మనిషి ఒకే దినమున వచ్చి పోవును. ఒకని ఇంట నేర్చిన పిల్లవాడు తక్కిన ఇండ్లవారికి నేర్పగలడు.

అంగడికి తీసికొనిపోవలసిన చీటీ యిది. కత్తిరించి జేబులో నుంచుకొనవచ్చును:

ప్రాసెసరు: ఇంటెల్ పండ్రెండవ తరము లేక పైది, లేక రైజెన్ 5000 లేక పైది, చిన్న పనులకు ఎన్100.
ర్యాము: 8 జి.బి., ఒక పలక, రెండవ గాడి ఖాళీ.
నిలువ: ఎస్.ఎస్.డి. 256 జి.బి. లేక పైది.
తెర: 1920×1080.
యు.పి.యస్.: 600 వి.ఎ.
విండోసు: అసలైనది, వెల బిల్లులో, లేనిచో లినక్సు.
బిల్లు: జి.యస్.టి. సంఖ్య, ప్రతి భాగపు సీరియల్ సంఖ్య, వారంటీ.

ఇంటికి తెచ్చిన పిమ్మట బిల్లును పట్టాదారు పాసుపుస్తకముతోపాటు భద్రపఱచి, వారమున కొకసారి ముఖ్యమైన లెక్కలను వేఱొక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, దానిని యంత్రమునకు దూరముగా నుంచవలెను. విత్తనపు గింజలను అన్నిటిని ఒకే కుండలో దాచు రైతు లేడు.